వెలగని దీపం చెప్పే మాట

ఈ నెల తల్లిదండ్రుల పేజీకి ఏదైనా రాయమని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. "పిల్లల క్రమశిక్షణ గురించి రాయండి మేడమ్" అన్నారు. ఆ విషయంలో మా ఇంటి పరిస్థితి నలుగురికీ చెప్పుకునేంత గొప్పగా లేదు. నాకు బాగా తెలిసిన పని ఒకటే. విశాఖపట్నంలో ఒక ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అందుకని నేను రోజూ పనిలో చూసే ఒక దీపం గురించి రాస్తానన్నాను. డీఎన్‌ఏతో చేసిన దీపం అది. తనకు కావలసింది దొరికితేనే వెలుగుతుంది, దొరక్కపోతే చీకటిగా ఉండిపోతుంది.

మా అమ్మాయి ఈ స్కూల్లోనే పదో తరగతి. ఫౌండేషన్ క్లాసులో డీఎన్‌ఏ గురించి చెప్పారు. అందులో నాలుగే అక్షరాలు: ఏ, టి, జి, సి. ఏ ఎప్పుడూ టితోనే జతకడుతుంది, జి ఎప్పుడూ సితోనే. దీని మీద పెట్టిన బిట్ పేపర్‌లో ఇరవైకి ఇరవై వచ్చాయి. సంతోషించాను, ఫీజు కట్టేదాన్ని కదా. కానీ ఆ రాత్రి అన్నాల దగ్గర తను అడిగిన ప్రశ్న ఏ బిట్ పేపర్‌లోనూ రాదు. "ఏకి టి, జికి సి. సరే అమ్మా. ఇది తెలిస్తే ఏం చేయొచ్చు?"

దానికి జవాబు పక్క గదిలోనే ఉంది. టీవీ సౌండు బాగా పెంచుకుని, అయినా వినపడక, కింద పరుగెత్తే అక్షరాలు చదువుకుంటూ కూర్చున్నారు మా నాన్న.

మాది గూడెం కొత్తవీధి. నర్సీపట్నం దాటి, లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి మీదుగా వెళ్లాలి. చలికాలంలో మంచు చూడ్డానికి వచ్చే కార్లు చాలావరకు లంబసింగిలోనే ఆగి, టీ తాగి, ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతాయి. ఇంకా ముందుకొస్తే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేసిన పోలీస్ స్టేషన్ అక్కడిదే. ఆ తర్వాత మా ఊరు. ఇప్పుడు మా జిల్లాకే ఆయన పేరు. నాన్న ఆర్.వి.నగర్ వైపు కాఫీ తోటల్లో పనిచేసేవారు. పళ్లు కోసే రోజుల్లో తెల్లారకముందే మంచులో నడక, సాయంత్రం పొయ్యి పొగ. దగ్గు రావడం అక్కడ ఎవరికీ వార్త కాదు.

2009లో నాన్నకు ఆ దగ్గు తగ్గలేదు. తెమడ పరీక్ష చేస్తే క్షయ అన్నారు. భయపడకండి, ఆరు నెలల మందులతో తగ్గిపోతుందన్నారు. నిజంగానే చాలామందికి తగ్గిపోతుంది. అప్పట్లో వారానికి మూడు రోజులు, వేరొకరి ఎదురుగా మాత్రలు వేసుకోవాలి. వేసుకున్న ప్రతిసారీ కార్డు మీద టిక్కు పెట్టేవారు. అందులో రిఫాంపిసిన్ అనే మందుకు మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. మొదటిసారి చూసి నాన్న హడలిపోయారు. తర్వాత అదే ధైర్యమైంది, మందు లోపల పనిచేస్తోందని.

పని చేయలేదు. రెండు నెలలు కాస్త తేరుకున్నట్టు కనిపించి మళ్లీ మొదలైంది. అయిదో నెలలో చేసిన పరీక్షలోనూ క్రిములు కనిపించాయి. కొండ దిగి మైదానంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ నాన్నను ఏమీ అడగకుండానే, ఆయన ముందే నాతో అన్నారు: "ఏజెన్సీ వాళ్లు మందులు సరిగా వేసుకోరమ్మా. అదే వచ్చిన చిక్కు." నాన్న జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆ కార్డు వైపు ఎవరూ చూడలేదు.

అసలు సంగతి తేలడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. ఎందుకంత ఆలస్యమో ల్యాబ్ పనిలోకి వచ్చాక నాకు బాగా అర్థమైంది. మైక్రోస్కోపు కింద క్షయ క్రిమి నీలం వెనక సన్నటి ఎర్ర గీతలా కనిపిస్తుంది. మందుకు లొంగే క్రిమి, లొంగని క్రిమి రెండూ ఒకేలా ఉంటాయి. అదే ఎరుపు, అదే పొడవు. తేడా తెలియాలంటే క్రిమిని పెంచాలి, మందు కలిపిన ఆహారంలోనూ పెంచి చూడాలి. ఈ క్రిమికి తొందర లేదు. రెండుగా చీలడానికే సుమారు 20 గంటలు తీసుకుంటుంది. అందుకే ఫలితం రావడానికి వారాలూ, అప్పట్లో మాకైతే నెలలూ పట్టింది. చివరికి చెప్పారు, రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ అని. అప్పుడు కనామైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రోగం పోయింది. దానితోపాటు వినికిడీ పోయింది. ఆ ఇంజెక్షన్‌కు ఆ గుణం ఉంది, లోపలి చెవిని తినేస్తుంది.

ఇక దీపం సంగతి.

1996లో న్యూయార్క్‌లోని పబ్లిక్ హెల్త్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రేమర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని చేసి చూపించారు. మాలిక్యులర్ బీకన్ అని పేరు పెట్టారు. బీకన్ అంటే ఓడలకు గుర్తుగా వెలిగే దీపం, మన డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ లాంటిది. ఒక తేడా ఉంది. లైట్‌హౌస్ ఓడ వచ్చినా రాకపోయినా వెలుగుతుంది. ఇది మాత్రం తన ఓడ వస్తేనే వెలుగుతుంది.

దాన్ని ఎలా తయారు చేస్తారో మా అమ్మాయికి నోట్‌బుక్ వెనక పేజీలో గీసి చూపించాను. మీ పిల్లలతో మీరూ గీయొచ్చు, పెన్సిలు చాలు. ముందు మనం వెతుకుతున్న క్రిమి డీఎన్‌ఏలో ఇరవై అక్షరాల ముక్క తీసుకోవాలి. దానికి సరిగ్గా జతపడేలా, ఏ ఉన్నచోట టి, జి ఉన్నచోట సి, అలా ఇరవై అక్షరాలు ఎదురు వరసలో రాసుకోవాలి. ఇది దీపానికి నడుము. ఇప్పుడు దీనికి రెండు కొసల్లో అయిదేసి అక్షరాలు అదనంగా కలపాలి. ఒక కొసకు సి, జి, సి, టి, సి. రెండో కొసకు జి, ఏ, జి, సి, జి. మొదటి వరస ముందు నుంచి, రెండో వరస వెనక నుంచి చదివితే అయిదుకు అయిదూ జతలే. కాబట్టి ఆ రెండు కొసలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మధ్యలో ఇరవై అక్షరాలు ఉంగరంలా తిరిగి వస్తాయి. అచ్చం జడపిన్ను ఆకారం.

అప్పుడే నాన్న గదిలోంచి వచ్చి తొంగి చూశారు. "ఏటమ్మా ఇది? మన ఘాట్ రోడ్డు మలుపేటి?" అన్నారు. ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపు అంటే ఇదే మరి. శాస్త్రవేత్తలు కూడా దీన్ని హెయిర్‌పిన్ అనే పిలుస్తారు.

ఒక కొసకు మెరిసే రంగు తగిలిస్తారు. నీలం కాంతి పడితే ఆకుపచ్చగా మెరిసే రకం. రెండో కొసకు దాన్ని ఆర్పే అణువును తగిలిస్తారు. రెండూ ఆనుకుని ఉన్నంతసేపు, రంగు తీసుకున్న శక్తినంతా ఆ ఆర్పేది లాక్కుని వేడిగా వదిలేస్తుంది. వెలుగు రాదు. ఇప్పుడు క్రిమి డీఎన్‌ఏ ఎదురైందనుకోండి. ఉంగరంలోని ఇరవై అక్షరాలూ దానితో జతకడతాయి. ఒంటి పోగుగా ఉన్నప్పుడు డీఎన్‌ఏ తాడులా వంగుతుంది. జత కుదిరిందంటే వెదురు కర్రలా బిగుసుకుంటుంది, ఆ పొడవులో ఇక వంగదు. వంగనప్పుడు కొసలు చేతులు పట్టుకుని ఉండలేవు. విడిపోతాయి. ఆర్పేది దూరమవుతుంది. వెలుగు వస్తుంది.

మా అమ్మాయి వెంటనే తన దీపం గీసింది. కొసల్లో ఏడేసి అక్షరాలు, అన్నీ జి, సిలే. "గట్టిగా ఉంటే మంచిదే కదా?" అంది. ఇక్కడే ఉంది అసలు పనితనం. జి, సి జత మూడు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది, ఏ, టి జత రెండింటితో. అందుకే కొసల్లో జి, సిలు ఎక్కువ పెట్టేమాట నిజమే. అలాంటి అయిదు జతలు సుమారు 55 నుంచి 60 డిగ్రీల దగ్గర విడిపోతాయి, ఆరు జతలైతే 60 నుంచి 65, ఏడైతే 65 నుంచి 70. పరీక్ష ఏ వేడి దగ్గర జరుగుతుందో దాన్ని బట్టి ఎన్ని జతలో తేల్చుకోవాలి. పట్టు మరీ బిగిస్తే ఓడ వచ్చినా దీపం తెరుచుకోదు. మరీ వదులైతే ఓడ రాకుండానే వెలుగుతుంది. రెండోది ఇంకా ప్రమాదం, లేని రోగం ఉందని చెబుతుంది. ఇంకో చిన్న కిటుకు: మెరిసే రంగు పక్కనే జి పెట్టకూడదు. జికి ఆ వెలుగును కొంత తాగేసే అలవాటుంది. అందుకే మన వరస సితో మొదలైంది. తను రబ్బరు తీసుకుని తుడిచి మళ్లీ రాసింది.

కొసల పట్టుకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. నాకు బాగా నచ్చేది అదే. మామూలు తిన్నని డీఎన్‌ఏ ముక్కకు వేరే దిక్కు లేదు. ఇరవైలో పంతొమ్మిది అక్షరాలు కలిసినా, ఒకటి తప్పినా, సర్దుకుని జతకట్టేస్తుంది. జడపిన్ను అలా కాదు. దానికి తన ఇల్లు ఉంది, కొసలు కలుపుకుని హాయిగా ఉండగలదు. ఇరవై పొంతనల్లో ఒక్కటి కుదరకపోయినా ఈ సంబంధం వద్దంటుంది. మన పెళ్లిళ్ల పేరయ్యలు కూడా అంత పట్టుదలగా ఉండరు.

ఒక్క అక్షరం తేడా ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మళ్లీ క్షయ దగ్గరికే రావాలి. రిఫాంపిసిన్ వెళ్లి పట్టుకునేది క్రిమిలోని ఒక ప్రొటీన్‌ను. ఆ ప్రొటీన్ నమూనా రాసి ఉన్న జన్యువులో 81 అక్షరాల చిన్న భాగం ఉంది. ఈ మందుకు లొంగని క్రిముల్లో దాదాపు 95 శాతానికి మార్పు ఆ 81 అక్షరాల్లోనే ఉంటుంది. ఎక్కువగా కనిపించే మార్పు ఏమిటంటే, టి, సి, జి అని ఉండాల్సిన చోట టి, టి, జి అని ఉండటం. ఒక్క సి బదులు ఒక్క టి. అంతే, మందు పట్టు జారిపోతుంది. మైక్రోస్కోపుకు ఈ తేడా కనిపించే అవకాశమే లేదు.

ఆ 81 అక్షరాలను అయిదు ముక్కలుగా పంచుకుని, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు దీపం పెట్టి చేసిన పరీక్షే జీన్‌ఎక్స్‌పర్ట్. మన దేశంలో సీబీనాట్ అంటారు. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆమోదించింది. అంతకుముందు దీన్ని పరీక్షించిన ఊళ్లలో మన ముంబయి కూడా ఉంది. తెమడను ఒక మందుతో కలిపి చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లో పోసి యంత్రంలో పెడతాం. లోపల క్రిమి డీఎన్‌ఏకు ఒకటికి రెండు, రెండుకు నాలుగు చొప్పున నకళ్లు తయారవుతాయి. కోవిడ్ రోజుల్లో మనమందరం "సీటీ వాల్యూ ఎంత?" అని అడుక్కున్నాం గుర్తుందా? ఎన్నోసారి రెట్టింపయ్యాక వెలుగు కనిపించిందన్నదే ఆ అంకె. మైక్రోస్కోపులో కనిపించాలంటే మిల్లీలీటరు తెమడలో దాదాపు 10,000 క్రిములు ఉండాలి. ఈ దీపాలకు 130 చుట్టుపక్కల ఉంటే చాలు. రెండు గంటల్లోపే ఫలితం.

స్క్రీన్ మీద అయిదు రంగుల గీతలు పైకి లేస్తే, క్షయ ఉంది, రిఫాంపిసిన్‌కు లొంగుతుంది. నాలుగే లేచి ఒకటి కింద పడుకుని ఉంటే, లేదా మరీ ఆలస్యంగా లేస్తే, క్షయ ఉంది, మందుకు లొంగదు. చూశారా, చెడు కబురు చెప్పేది వెలిగిన దీపం కాదు. వెలగనిది. ఆ చీకటిని నమ్మొచ్చా అని మా అమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. మిగతా నాలుగూ వెలిగాయి కాబట్టి క్రిమి అక్కడ ఉందని తెలుసు, యంత్రం పాడవలేదనీ తెలుసు. అయినా ముందు జాగ్రత్తగా కార్ట్రిడ్జ్‌లో ఆరో దీపం కూడా ఉంటుంది. అది హాని చేయని మరో సూక్ష్మజీవి కోసం. ఆ జీవిని తయారీదారులే లోపల పెట్టి పంపుతారు. క్షయ దీపాలు ఒక్కటీ వెలగనప్పుడు ఆ ఆరోది కూడా వెలగకపోతే, ఆ పరీక్ష చెల్లదు. మళ్లీ చేయాలి.

డీఎన్‌ఏ దీపాలన్నీ ఇలా జడపిన్నులే కావు. గోవాలోని మోల్‌బయో సంస్థ చేసిన ట్రూనాట్ పరీక్షలో ఉండేది తిన్నని ముక్క. నకళ్లు చేసే ఎంజైమే దారిలో దాన్ని కొరికి ముక్కలు చేస్తుంది, అప్పుడు రంగు విడిపోయి వెలుగుతుంది. బ్యాటరీ మీద నడిచే చిన్న యంత్రం అది. కరెంటు తరచూ పోయే కొండ ఊళ్లకు అది ఎంత మేలో మైదానంలో ఉన్నవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు.

మెరవడం అంటే ఏమిటో ఇంట్లోనే చూపించవచ్చు. నోట్లు అసలువో నకిలీవో చూసే చిన్న యూవీ లైటు దుకాణాల్లో దొరుకుతుంది. చిటికెడు పసుపును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, చీకటి గదిలో ఆ లైటు వేయండి. పచ్చటి వెలుగు వస్తుంది. మామూలు నీళ్లలో కలిపితే అంత రాదు, పసుపులోని మెరిసే పదార్థం నీళ్లలో సరిగా కరగదు. మా ఏజెన్సీ పసుపు అయితే ఇంకా బాగా మెరుస్తుందని నేనంటాను, అది కేవలం ఊరి మీద అభిమానం. స్పిరిట్ దగ్గర అగ్గి లేకుండా చూసుకోండి, లైటు కళ్లలోకి వేయనివ్వకండి.

ఒక్క అక్షరం అన్నాను కాబట్టి ఇంకో మాట. మా కొండల్లో పిల్లలను పీడించే సికిల్‌సెల్ కూడా ఒక్క అక్షరం తేడానే. హిమోగ్లోబిన్ జన్యువులో జి, ఏ, జి ఉండాల్సినచోట జి, టి, జి ఉంటుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్‌లో పెద్ద ఎత్తున పరీక్షించడానికి ఇంతకంటే చవకైన రక్త పరీక్షలు వాడతారు. కానీ బీకన్లతో ఒక అందమైన పని చేయొచ్చు. మామూలు అక్షరానికి ఒక రంగు, మారిన అక్షరానికి ఇంకో రంగు దీపం పెడితే, ఒక రంగే వెలిగితే అది అమ్మానాన్నలిద్దరి నుంచీ ఒకే రకం జన్యువు వచ్చిందని. రెండూ వెలిగితే చెరొకటి వచ్చిందని, అంటే రోగం లేకుండా దాన్ని మోస్తున్నారని. త్యాగి, క్రేమర్ బృందం 1998లోనే ఇలా రంగురంగుల దీపాలతో ఒక్క అక్షరం తేడాను పట్టి చూపించింది.

ఇదంతా మా అమ్మాయి పలక మీద రాసి వాళ్ల తాతయ్యకు చెప్పింది. వాళ్లిద్దరి మాటలూ పలక మీదే. నాన్న చాలాసేపు చదివారు. తర్వాత ట్రంకు పెట్టె తెరిచి పాత కార్డు తెచ్చారు, మడతల దగ్గర చిరిగిపోయింది. "అయితే నేను మందులు సరిగా ఏసుకున్నానని ఆ దీపం చెప్తదా అమ్మా?" అని అడిగారు.

మనవరాలు నా వైపు చూసింది. నేను ఉన్నదే చెప్పాను, తను పలక మీద రాసింది. దీపం ఆ మాట చెప్పదు. మందులు మధ్యలో ఆపేస్తే కూడా క్రిమి మొండిగా మారొచ్చు, ముందే మొండిగా మారిన క్రిమి ఇంకొకరి దగ్గు నుంచి కూడా రావచ్చు. ఎలా వచ్చిందో దీపానికి తెలియదు. కానీ మొదటి మాత్ర వేసుకోకముందే పరీక్ష చేసి ఉంటే, ఆ రోజే ఒక దీపం చీకటిగా కనిపించి ఉంటే, ఆ తర్వాత మందులు సరిగా వేసుకోలేదని తాతయ్యను ఎవరూ అనగలిగేవారు కాదు. నాన్న కార్డును జాగ్రత్తగా మడిచి మళ్లీ పెట్టెలో పెట్టారు. ఆ యంత్రం ఇప్పుడు మన దేశంలో ఉందా అని అడిగారు. ఉందన్నాను, పరీక్షకూ మందులకూ డబ్బు కూడా కట్టక్కర్లేదన్నాను. రెండు వారాలు దాటిన దగ్గు మీ ఇంట్లో ఎవరికున్నా, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికైనా, మీ డ్రైవర్‌కైనా, ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి.

కనామైసిన్‌ను ఇక వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఇప్పుడు మందులకు లొంగని క్షయకు ఆరు నెలల మాత్రల చికిత్సను 2024లో మన దేశమూ ఆమోదించింది. సూది లేదు, చెవికి ఆ ముప్పు లేదు.

మొన్న చలికాలంలో ఒక రోజు పొద్దున పెట్టిన కార్ట్రిడ్జ్‌లో నాలుగు గీతలు లేచి, ఒకటి కిందే ఉండిపోయింది. మా దగ్గరికి పేర్లు రావు, నంబర్లే వస్తాయి. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో తెలియదు. ఫలితం ఖాయం చేసి, రిపోర్టు పంపి, గోడ గడియారం చూశాను. పదకొండు కూడా కాలేదు. ఆ నంబరు మనిషి చికిత్స కార్డు మీద ఇంకా ఒక్క టిక్కు కూడా పడలేదు.